గని తలుపు తెరుచుకుంది, మరి కమిటీ తలుపు?

(మహిళా దినోత్సవం సందర్భంగా గోదావరిఖనిలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత మహిళా ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా అంశం 'మహిళా సాధికారత' అని అచ్చు వేశారు. ఆ మాట వినగానే సగం మంది టీల కోసం బయటికి వెళ్తారని నాకు తెలుసు. కాబట్టి ఆ మాట మళ్లీ వాడను. రెండే విషయాలు మాట్లాడతాను. మన బొగ్గు బాయిల దగ్గర ఆడమనిషికి పని ఎలా దొరికింది, ఎలా దొరకలేదు అన్నది మొదటిది. మన సంఘం నియమావళిలోని ఒక నిబంధన రెండోది. ఈ రెండింటికీ సంబంధం ఉంది. అది చెప్పటానికే నిలబడ్డాను.

బాయిలోకి ఆడమనిషి దిగరాదన్నది ఆదినుంచీ ఉన్న ఆచారమని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1920లలో జరియా, రాణిగంజ్ బొగ్గు గనుల్లో పనిచేసేవారిలో మూడోవంతుకు అటూ ఇటూగా ఆడవారే. మగవాడు బొగ్గు కొడితే భార్యో, చెల్లెలో తట్టకెత్తుకొని టబ్బు దాకా మోసేది. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం నిబంధనలు తెచ్చి, పదేళ్ల గడువు పెట్టి, 1939 నాటికి వారిని భూగర్భం నుంచి పూర్తిగా తప్పించింది. ఇంగ్లండులో ఇటువంటి నిషేధం 1842లోనే వచ్చింది. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఇదే మాట మీద ఒక ఒప్పందం చేసింది.

ఇందులో మంచి ఉద్దేశం లేదని నేను అనను. ఆనాటి గనుల్లో గాలి ఆడేది కాదు, కాపుదల లేదు, చంటిపిల్లల తల్లులు బరువులు మోసేవారు. కాని గనిని బాగుచేయటానికి బదులు ఆడమనిషిని బయటికి పంపారు. ఆ ఇంటికి తగ్గిన కూలి ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఆ రక్షణ ఎంత గట్టిదో కూడా చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గుకూ, కూలీలకూ కొరత రాగానే 1943లో నిషేధం ఎత్తేశారు. దేశంలోని మహిళా సంఘాలు గోలపెట్టాయి. యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ నిషేధం పెట్టారు. బొగ్గు అవసరమైన ఆ మూడేళ్లూ ఆడవాళ్ల ఆరోగ్యం ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడు మన ప్రాంతం నిజాం పాలనలో ఉండేది, ఇక్కడి చట్టాలు వేరు. దేశమంతటికీ కలిపి వచ్చినది 1952 గనుల చట్టం. దాని 46వ సెక్షన్ మూడు ముక్కల్లో తేల్చేసింది. భూగర్భంలో ఏ పనికైనా స్త్రీని పెట్టరాదు. పైన పని అయితే ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా మాత్రమే. ఒక రోజు పని ముగించి మళ్లీ పనికి రావటానికి మధ్య పదకొండు గంటల విరామం ఉండాలి. మన గోదావరిఖనిలో బొగ్గు తవ్వటం మొదలయ్యేనాటికే ఈ చట్టం ఉంది. ఇల్లెందు, కొత్తగూడెం పాత ఊళ్లు, వాటికి వేరే చరిత్ర ఉంది. మన ఊరు మాత్రం పుట్టుకతోనే మగవాళ్ల ఉద్యోగాల ఊరు. బాయి ఉంటేనే ఊరు, బాయిలో మగవాడికే మస్టరు.

అంటే ఆడవాళ్లు పని చేయలేదని కాదు. ఫస్ట్ షిఫ్టుకు టిఫిన్ డబ్బా కట్టాలంటే నాలుగింటికి లేవాలి. ఇంట్లో తండ్రిది నైట్ షిఫ్టు, కొడుకుది ఫస్ట్ షిఫ్టు అయితే పొయ్యి ఆరేదే కాదు. ఇది మీ అందరికీ తెలిసినదే, దీని మీద పాటలు, కథలు చాలా వచ్చాయి. నేను ఆ సంగతి వదిలేసి మస్టరు పడిన ఆడవాళ్ల దగ్గరికి వస్తాను.

వాళ్లు ఎలా వచ్చారు? ఎక్కువమంది భర్త చనిపోతే వచ్చారు. ఒంటి మీద పచ్చి దుఃఖంతో పిట్ ఆఫీసు ముందు నిలబడిన మనిషికి మొదట ఇచ్చే పని ఏమిటి? ఊడ్చటం, నీళ్లు పోయటం, క్యాంటీన్‌లో గిన్నెలు, ఆస్పత్రిలో ఆయా, ఆఫీసులో ఫైళ్లు అందించటం. నేను పిట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను కాబట్టి అట్లా వచ్చినవారిని చాలామందిని చూశాను. అక్షరం వచ్చినవాళ్లు కూడా చీపురుతోనే మొదలుపెట్టారు, చాలామంది దానితోనే రిటైరయ్యారు. అదే ఏడు చేరిన మగవాడు ట్రామర్‌గా మొదలై, పరీక్షలు రాసుకొని సర్దార్, ఓవర్‌మన్ అయ్యాడు. మగవాడు ఎక్కువ కష్టపడ్డాడు, అందులో అబద్ధం లేదు. కాని పైకి పోయే మెట్లన్నీ బాయి లోపల ఉన్నాయి. సర్దార్ పరీక్షకు కూర్చోవాలంటే భూగర్భ అనుభవం కావాలి. భూగర్భంలోకి దిగటానికే చట్టం ఒప్పుకోనప్పుడు అనుభవం ఎక్కడ నుంచి వస్తుంది? 'ఆడవాళ్లు పై పోస్టుల్లోకి ఎందుకు రాలేదు' అని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక వేతన ఒప్పందాల సంగతి. మనం వేజ్‌బోర్డు అని పిలుచుకునే జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు మనకు అన్నం పెట్టాయి. వాటి కోసం పోరాడిన నాయకులకు చేతులెత్తి మొక్కుతాను. అయినా ఆ ఒప్పందాల్లోని డిపెండెంట్ ఉద్యోగాల నిబంధనలు ఒకసారి ఆడపిల్ల కళ్లతో చదవండి. ఆధారపడినవారు ఎవరంటే భార్య లేక భర్త, పెళ్లికాని కూతురు, కొడుకు, చట్టప్రకారం దత్తత తీసుకున్న కొడుకు. వీరెవరూ లేకపోతే తమ్ముడు లేక అన్న, వితంతువైన కూతురు, వితంతువైన కోడలు, ఇంట్లోనే ఉండే అల్లుడు. అల్లుడికి చోటు ఉంది. ఆ అల్లుడు అల్లుడైంది ఎవరివల్ల? ఆ కూతురికి మాత్రం పెళ్లయింది కాబట్టి చోటు లేదు. ఆమెకు మళ్లీ చోటు రావాలంటే భర్త చనిపోవాలి! ఈ ముక్క రాసినవారు దుర్మార్గులని నేను అనుకోను. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో కూతుళ్లు లేరు, అంతే.

ఇంకొకటి. కార్మికుడు చనిపోయి కొడుకు చిన్నవాడైతే, పన్నెండేళ్లు నిండినవాడైతే, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అతని పేరు రోస్టర్‌లో ఉంచే ఏర్పాటు ఉంది. అది మంచి ఏర్పాటు, ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. అందులో రాసింది 'మగ డిపెండెంట్' అని. అదే ఇంట్లో పన్నెండేళ్ల ఆడపిల్ల ఉంటే ఆమె పేరు ఏ రోస్టర్‌లోనూ లేదు. 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు పెళ్లయిన కూతురిని తప్పించటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినది అక్కడి బొగ్గు ఉద్యోగి కూతురు. యూనియన్లు, యాజమాన్యం కలిసి ఏళ్ల తరబడి సంతకాలు చేసిన కాగితంలో తప్పు ఉందని ఒక ఆడపిల్ల కోర్టుకు పోయి చెప్పవలసి వచ్చింది.

ఇళ్లలో మనం చేసినది కూడా చెప్పుకోవాలి. తండ్రి అన్‌ఫిట్ అయి కొడుక్కి ఉద్యోగం పెట్టించినప్పుడు కూతుళ్లు 'మాకు అభ్యంతరం లేదు' అని కాగితం రాసి ఇచ్చారు. మన కోల్‌బెల్ట్‌లో ఎందరో ఆడపిల్లలు స్టాంపు కాగితం మీద చేసిన మొదటి సంతకం అదే. తరువాత ఆ అన్న చూసుకున్న ఇళ్లున్నాయి, చూసుకోని ఇళ్లూ ఉన్నాయి. ఇటీవలి ఏళ్లలో కారుణ్య నియామకాల్లో ఆడపిల్లలు కూడా చేరుతున్నారు. డిగ్రీలు, పీజీలు చదివినవాళ్లు జనరల్ అసిస్టెంట్లుగా మస్టర్ వేసుకుంటున్నారు. వాళ్లను చూస్తే నాకు సంతోషమూ, బాధా రెండూ కలుగుతాయి.

పదవుల మాటకు వద్దాం. మన కంపెనీలో ఆడవాళ్లు అధ్యక్షురాళ్లుగా లేరా అంటే ఉన్నారు. సేవా సమితి ఉంది. కుట్టుమిషన్లు నేర్పింది, ఎందరో పిల్లలకు దారి చూపింది, మంచి పనే చేసింది. కాని ఏరియాలో అధ్యక్షురాలు ఎవరు? జనరల్ మేనేజర్ గారి సతీమణి. ఆయనకు బదిలీ అయితే ఆమె అధ్యక్షత కూడా బదిలీ అవుతుంది. ఆ అమ్మగార్లలో నిజంగా సమర్థులున్నారు, నేను చూశాను. అయితే వారి సమర్థతను చూసి ఆ కుర్చీ ఇవ్వలేదు, భర్త హోదాను చూసి ఇచ్చారు. భర్త పోతే ఉద్యోగం, భర్త ఉన్నతాధికారి అయితే పదవి. రెండు చోట్లా ఆడమనిషి లోపలికి వచ్చే దారి మగవాడి మీదుగానే ఉంది.

యూనియన్లలోనూ తేడా లేదు. 1998 నుంచి సింగరేణిలో గుర్తింపు సంఘం కోసం రహస్య బ్యాలెట్ ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబర్‌లోనూ జరిగాయి. ఏ గేట్ మీటింగులోనైనా మైకు పట్టుకున్న ఆడమనిషిని ఎన్నిసార్లు చూశారో మీరే లెక్క పెట్టుకోండి. కె. కవిత గారు ఒక సంఘానికి గౌరవాధ్యక్షురాలిగా చాలా ఏళ్లు ఉన్నారు. అయితే ఆవిడ రాజకీయాల నుంచి వచ్చారు, మస్టర్ నుంచి కాదు. ఊడ్చే పనిలో, ఆస్పత్రి పనిలో, తోట పనిలో ఉన్న కాంట్రాక్టు ఆడవాళ్లయితే 2022 సెప్టెంబర్‌లో జరిగిన 18 రోజుల సమ్మెలో రోడ్ల మీద ముందు వరుసలో కూర్చున్నారు. 2011 సకల జనుల సమ్మెలో జీతాలు ఆగినప్పుడు ఉప్పు, పప్పు అప్పు తెచ్చి ఇళ్లు నడిపింది కూడా ఆడవాళ్లే. సమ్మె చేయటానికి ముందు వరుస ఇస్తారు, చర్చలకు పిలిచినప్పుడు ఆ వరుస ఎక్కడా కనబడదు.

ఇప్పుడు మంచి వార్తలు. 2019లో కేంద్ర కార్మిక శాఖ 46వ సెక్షన్‌కు సడలింపు ఇచ్చింది. ఓపెన్‌కాస్టులో రాత్రి కూడా స్త్రీలు పనిచేయవచ్చు. భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ పనులు చేయవచ్చు. రాతపూర్వకంగా వారి సమ్మతి ఉండాలి, తగిన వసతులు, భద్రత ఉండాలి, షిఫ్టులో ముగ్గురికి తగ్గకుండా ఉండాలి. ఈ చివరి షరతు మంచిదే, కాని దానిలో ఒక మెలిక ఉంది. బాయి మొత్తానికి ఒక్క మహిళా ఇంజనీరే ఉంటే మిగతా ఇద్దరిని ఎక్కడి నుంచి తెస్తారు? నియామకాలు లేకుండా అనుమతి ఒక్కటే ఇస్తే అది కాగితం మీదే ఉంటుంది.

ఆ సడలింపు వచ్చాక దేశంలో మొదటగా పేరు వినబడినవారిలో మన ఆడబిడ్డ ఉంది. భూపాలపల్లికి చెందిన రాసకట్ల సంధ్య, కొత్తగూడెం మైనింగ్ కాలేజీలో చదివి, భూగర్భ గనిలో పనిచేసేందుకు సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ సాధించింది. అయితే ఆమె దిగినది మన బొగ్గు బాయి కాదు, రాజస్థాన్‌లో హిందుస్తాన్ జింక్ వారి గని. 2021లో జార్ఖండ్‌లోని చూరీ భూగర్భ గనిలో ఆకాంక్ష కుమారి చేరింది, కోల్ ఇండియాలో అట్లా దిగిన మొదటి మహిళా మైనింగ్ ఇంజనీరు ఆమె. మన కంపెనీ కూడా 2025లో కదిలింది. ఓపెన్‌కాస్టుల్లో భారీ యంత్రాలు నడపటానికి మహిళా ఉద్యోగుల నుంచి దరఖాస్తులు పిలిచింది. మహిళా రెస్క్యూ జట్టుకు శిక్షణ ఇచ్చింది. రెస్క్యూ అంటే ఏమిటో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. అందరూ బయటికి పరుగెత్తే వేళ లోపలికి వెళ్లేవాళ్లు వాళ్లు. 'ఆడవాళ్ల రక్షణ కోసం' లోపలికి పంపకూడదన్న చోట, ఇప్పుడు ఇతరుల రక్షణ కోసం ఆడవాళ్లు వీపున ఆక్సిజన్ సిలిండరు కట్టుకుంటున్నారు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1952 చట్టం స్థానంలో వచ్చిన భద్రతా కోడ్, సమ్మతి, భద్రత షరతులతో, స్త్రీలు అన్ని రకాల సంస్థల్లో అన్ని పనులూ చేయవచ్చని చెబుతోంది. కోడ్‌ల మీద మన కార్మిక సంఘాలకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి, అందులో కొన్నింటితో నేనూ ఏకీభవిస్తాను. 'సమ్మతి' అనే మాట ఉద్యోగం పోతుందన్న భయంతో చేసే సంతకం కాకుండా చూడాలి. కనుక రాత్రి షిఫ్టు బస్సు, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, పిల్లల క్రెష్ సంగతి సేఫ్టీ కమిటీలో అడిగే ఆడమనిషి ఉండాలి. మగవాళ్లకు తెలియదని కాదు, వాళ్లకు గుర్తు రాదు.

గని తలుపు ఇంత కష్టం మీద, ఇంత ఆలస్యంగానైనా తెరుచుకుంది. ఇక మన సంఘం తలుపు దగ్గరికి వస్తాను. అన్నలు కోపగించుకోవద్దు.

ఒకసారి తల తిప్పి ఈ హాలు చూడండి. ఎడమ వైపు కుర్చీల్లో కూర్చున్న అక్కలు, పెద్దమ్మలు చాలావరకు కుటుంబ పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు. మగవాళ్లకు ఆయుష్షు తక్కువ, అందులో బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు. ఏడాదికేడాది ఆ వైపు కుర్చీలు పెరుగుతున్నాయి. 1998 బొగ్గు గనుల పెన్షన్ పథకంలో సభ్యుని పెన్షన్ డీఏతో పాటు పెరగదు. ఆయన పోతే భార్యకు వచ్చేది అందులో 60 శాతం. ఆయనకు మూడు వేలు వస్తుంటే ఆమెకు పద్దెనిమిది వందలు. గ్యాసు బండ, బీపీ మాత్రలు కొంటే అందులో ఏం మిగులుతుంది? పెన్షన్ పెంచాలని మన సంఘం ఢిల్లీ దాకా వినతిపత్రాలు ఇచ్చింది, ఇస్తూనే ఉంది. పెంపు అందరికీ కావాలి, అందరికంటే ముందు కావలసింది ఈ పద్దెనిమిది వందల మనిషికి. ఆ వినతిపత్రాలు రాసిన కమిటీలో ఆమె లేదు.

ఎందుకు లేదంటే మన నియమావళిలోనే ఆమెకు చోటు లేదు. సభ్యుడు చనిపోతే ఆయన భార్య 'కుటుంబ సభ్యురాలు' అవుతుంది. చందా కడుతుంది, పత్రిక అందుతుంది, వార్షికోత్సవ భోజనానికి పిలుపు వస్తుంది. ఓటు మాత్రం లేదు, పోటీ చేసే హక్కూ లేదు. నాలాగా సొంత సర్వీసు ఉన్న ఆడవాళ్లకు ఓటు ఉంది, కాని మేము వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వేజ్‌బోర్డులో కూతురిని వదిలేసినట్టే మనం ఇక్కడ భార్యను వదిలేశాం.

ఈ మాట నేను కమిటీ సభ్యులతో విడివిడిగా మాట్లాడాను. మూడు జవాబులు వచ్చాయి. 'వాళ్లకు రూల్స్ తెలియవమ్మా' అన్నారు ఒకరు. మనలో ఎంతమందికి రిటైరయ్యే నాటికి పెన్షన్ రూల్స్ తెలుసు? తిరిగి తిరిగి నేర్చుకున్నాం. వితంతు పెన్షన్ కోసం తిరిగి తిరిగి నేర్చుకున్నవాళ్లు ఆ ఎడమ వైపు కుర్చీల్లోనే ఉన్నారు. సర్వీసు బుక్కులో భార్య పేరు దగ్గర ఆనాటి గుమాస్తా ఇంట్లో పిలిచే పేరు రాసుకున్నాడు. ఆధార్‌లో పుట్టింటివారు పెట్టిన పేరు ఉంది. బ్యాంకు పుస్తకంలో మూడో రకంగా ఉంది. మూడు పేర్లూ ఒక్క మనిషివేనని రుజువు చేయటానికి అఫిడవిట్ ఎక్కడ చేయించాలి, ఎవరి సంతకం కావాలి, ఏ కాగితం ముందు పెట్టాలి అన్నది వాళ్లలో కొందరు మన కార్యదర్శి గారి కంటే బాగా చెప్పగలరు. కార్యదర్శి గారు నవ్వుతున్నారు, అంటే ఒప్పుకున్నట్టే.

'ఆఫీసుల చుట్టూ తిరగలేరు' అన్నారు ఇంకొకరు. డెబ్బై అయిదేళ్ల మన కోశాధికారి గారు ఆటో ఎక్కించుకొని తిరుగుతున్నారు కదా, వాళ్లకూ అదే ఆటో. మూడోవారు చెప్పినది మాత్రం కాస్త నిజం: 'పిలిస్తే ఎవరూ ముందుకు రారు' అన్నారు. మన కమిటీ మీటింగులు సాయంత్రం ఆరున్నరకు మొదలై రాత్రి తొమ్మిదింటికి ముగుస్తాయి. కొడుకింట్లో వంట చూసుకొనే మనిషి, ఎనిమిదింక్లైన్ కాలనీ నుంచి ఒంటరిగా వచ్చి పోవలసిన మనిషి ఎట్లా వస్తుంది? మధ్యాహ్నం మూడింటికి పెట్టి చూడండి, వస్తారో రారో తెలుస్తుంది.

ఒకరు మంచి మనసుతో 'మహిళా కార్యదర్శి అని ఒక పోస్టు పెడదాం' అన్నారు. వద్దు అనను, కాని అది చాలదు. మహిళా కార్యదర్శి అంటే ముగ్గుల పోటీలు, సన్మాన సభలో బొకేలు అందించటం అని మనకు అలవాటైపోయింది. లెక్కల పుస్తకం, చెక్కు మీద సంతకం, వినతిపత్రం రాసే కలం, ఇవి ఉన్న చోట ఉండాలి. పంచాయతీల్లో 1993 నుంచి స్త్రీలకు మూడోవంతు స్థానాలు వచ్చాయి, మన రాష్ట్రంలో ఇప్పుడు సగం. మొదట్లో భర్తలే కుర్చీలో కూర్చున్నారు, అది నిజం. ఇప్పటికీ కొన్ని చోట్ల కూర్చుంటున్నారు. అయినా సొంతంగా సంతకం పెట్టే సర్పంచులు మన పెద్దపల్లి జిల్లా పల్లెల్లోనూ ఉన్నారు. మన సంఘంలో ఆ బాధ కూడా లేదు, ఈ అక్కల కుర్చీలో కూర్చోవటానికి భర్తలు లేరు!

నియమావళి సవరణకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఓట్లు ఉన్నవారిలో ఎక్కువమంది అన్నలే. అందుకే ఈ ప్రసంగం అక్కలకు కాకుండా మీకు చేశాను. అధ్యక్షులు గారి అనుమతితో తీర్మానం చదువుతాను.

'చనిపోయిన సభ్యుని భార్య లేక భర్త, కుటుంబ పెన్షన్ పొందుతున్నవారు, చందా కట్టిన తేదీ నుంచి ఓటు హక్కు, పోటీ చేసే హక్కు గల పూర్తి సభ్యులుగా పరిగణింపబడతారు. కార్యవర్గంలోని పదిహేను స్థానాల్లో అయిదు మహిళలకు ఉంటాయి. అధ్యక్ష, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో ఏదో ఒకటి ప్రతి ఎన్నికలోనూ మహిళకు ఉంటుంది. కార్యవర్గ సమావేశాలు సాయంత్రం అయిదు లోపు ముగుస్తాయి.'

ప్రతులు గుమ్మం పక్క బల్ల మీద ఉన్నాయి. చదవటం కష్టమైనవారికి మనవరాళ్లు చదివి వినిపిస్తారు, వాళ్లకు ముందే చెప్పి ఉంచాను. భోజనాలకు ముందు చేతులెత్తించమని అధ్యక్షులు గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.